తొమ్మిదో పేజీ

ఈ ఉదయం సబ్బు మధ్యలో అరిగి రెండు ముక్కలైంది. మా ఆయన రెండు పూటలా స్నానం చేసే మనిషి.

ఆయన మర్మాంగం మీద మూడు నెలలుగా మానని పుండు క్యాన్సరేనని డాక్టరు చెప్పారు.

“చిన్నప్పుడే సున్తీ చేయించి ఉంటే తప్పేదాండీ?” అని మా ఆయన అడిగారు.

“అవకాశం బాగా తగ్గేది. అలాగని చేయించుకోని వాళ్లందరికీ రాదు. తోలు వెనక్కి జరిపి రోజూ కడుక్కుంటే చాలావరకు చాలు. మీకది వెనక్కి రావట్లేదని ఎప్పట్నుంచి తెలుసు?”

“మొదట్నుంచీ. అందరికీ అంతేననుకున్నా.”

“ఎవర్నీ అడగలేదా?”

“ఇవన్నీ ఎవర్ని అడుగుతామండీ! మా ఆవిడ వాళ్ల ప్రెస్సులో వేసిన పుస్తకం తెచ్చిచ్చింది, ‘మగవాళ్ల ఆరోగ్యం’. అట్ట నుంచి అట్ట దాకా చదివా. బట్టతల గురించి కూడా ఉంది గానీ దీని గురించి ఒక్క ముక్క లేదు.” ఆయన నవ్వబోయారు.

డాక్టరు ఆపరేషన్ తేదీ రాసిచ్చారు. ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను.

ఆ పుస్తకం ప్రూఫులు దిద్దింది నేనే. తోలు వెనక్కి రాకపోతే డాక్టరుకు చూపించుకోవాలని తొమ్మిదో పేజీలో రెండు వాక్యాలుండేవి. వాటిని పక్కన కూర్చుని అక్షరాలు కూర్చే కంపోజిటరుకు పైకి చదివి వినిపించాలి. సిగ్గేసి ఆ రెండు వాక్యాలూ కొట్టేశాను.