తలుపు దెబ్బ

కరాటేలో బ్రౌన్ బెల్టు చేతికొచ్చిన మర్నాడే, ఆత్మరక్షణకి తర్వాత ఏం నేర్చుకుంటే మంచిదో అడగడానికి టైలరమ్మ కోచ్ దగ్గరికి బయల్దేరింది. బస్సు డ్రైవరుగా రిటైరైన ఆమె మొగుడూ వెంట నడిచాడు.

“అరవై రెండేళ్లొచ్చాయి. ఇంకా ఎవర్ని కొడతావే? ఉన్న నోరు చాలదూ?” అని దారంతా ఆటపట్టిస్తూనే ఉన్నాడు, మోచేతి కట్టు సర్దుకుంటూ.

కోచ్ చాలా చెప్పాడు. కుంగ్‌ఫూ చూడముచ్చటగా ఉంటుందట. బాక్సింగ్ తొందరగా అక్కరకొస్తుందట.

“ఇంతకీ ఎవరితో ఇబ్బందమ్మా మీకు?”

“ఎవరితోనూ లేదు బాబూ. కిందపడటం ఎలాగో ముందు నేర్పేది ఏది?”

“జూడో. మొదటి నెలంతా దెబ్బ తగలకుండా పడటమే.”

“అయితే అదే రాసుకో. రెండు పేర్లు.”

డ్రైవరు నవ్వు ఆగింది. “రెండోది ఎవరిదే?”

టైలరమ్మ అతని చొక్కా చేతిని కట్టు మీదికి మెల్లగా లాగింది.

“ఈ నెలలో బాత్రూం తలుపు మిమ్మల్ని మూడుసార్లు కొట్టిందన్నారుగా. మిషను తొక్కుతున్నా సరే, మనిషి పడ్డ చప్పుడు నాకు తెలుస్తుందండీ.”