పుట్టింటి బురద

బురద తాత మళ్ళీ వచ్చాడు.

ల్యాబు బయట బల్ల మీద కూర్చుని, ఒళ్ళో సీసా పెట్టుకున్నాడు. సీసా నిండా నల్లటి బురద. అందులోంచి రెండు తీగలు పైకి వచ్చి, మూత మీది ఆవగింజంత ఎర్ర లైటును పట్టుకున్నాయి. లైటు ఉండుండి మిణుకుమంటోంది.

బురద తాత అన్న పేరు పెట్టింది వాచ్‌మన్. ల్యాబులో అందరికీ అదే ఖాయమైపోయింది.

పరిశోధక విద్యార్థిని తలుపు సందులోంచి చూసి విసుక్కుంది. ఆమె తంటాలు ఆమెవి. బురదలో బతికే ఒక సూక్ష్మజీవి కరెంటు పుట్టిస్తుంది. అయితే అది మహా పెంకిది. గాలి తగిలితే చస్తుంది, పెరగడానికి వారాలు తీసుకుంటుంది. కరెంటు పుట్టించే జన్యువును దాన్లోంచి తీసి, చెప్పినట్టు పెరిగే మామూలు సూక్ష్మజీవిలో పెట్టాలి. ఈసారీ కాకపోతే సీటు వదులుకోవలసిందేనని ప్రొఫెసర్ గారు ఊరెళ్ళే ముందు మెత్తగానే చెప్పారు.

నిన్ననే జన్యువు కొత్త ఇంట్లో అడుగు పెట్టింది. గాజుపళ్ళెంలో తెల్లటి చుక్కలు పొడిచాయి. అప్పట్నుంచీ ఆమె కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

"ఏం కావాలి పెద్దాయనా?"

"దీన్ని మీ దగ్గర ఉంచుకోండమ్మా. నాకు ఒంట్లో బాగుండటం లేదు. నేను పోతే దీనికి తిండి పెట్టేవాళ్ళు లేరు."

బయటి బురద ఒక్క చుక్క లోపల పడినా తన పనంతా మట్టిపాలవుతుందని ఆమె భయం. అసలు మీరెవరని అడిగింది.

"ఎవర్నని చెప్పనమ్మా? దీన్ని చూసుకునేవాణ్ణి, అంతే."

"సరే, అక్కడ పెట్టి వెళ్ళండి," అంది, వదిలించుకోవడానికి.

ఆయన ముఖం తేటపడింది. సీసాను బల్ల మీద పెట్టి, ఒకసారి నిమిరి, గోడ పట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆయన మలుపు తిరగ్గానే ఆమె చేతి తొడుగులు వేసుకుంది. రూలు ప్రకారం సీసాలో క్రిములు చచ్చే మందు పోసి, అంతా తూములో ఒంపేసింది. లైటు ఆరిపోయింది. పాపం అనిపించకపోలేదు గానీ, సంతోషంలో ఉన్నవాళ్ళకు పాపం ఎంతసేపు గుర్తుంటుంది?

అదే ఊపులో ఫ్రీజరు కూడా సర్దింది. జన్యువు చేతికొచ్చాక ఇక ఆ పెంకిదానితో పనేముంది? అది దాచి ఉన్న పాత గొట్టాలన్నీ ఆవిరియంత్రంలో వేసి ఉడికించేసింది.

రెండు వారాలకు ప్రొఫెసర్ గారు తిరిగొచ్చాక, కొత్త సూక్ష్మజీవి నుంచి మీటరుకు తీగలు తగిలించారు.

ముల్లు కదల్లేదు. తీగలు మార్చారు, మీటరు మార్చారు. ముల్లు ఉలకలేదు, పలకలేదు.

వెతగ్గా వెతగ్గా తేలిందేమిటంటే, కొత్త ఇంటికి చేరింది సగం జన్యువే. కాపీ తీసేటప్పుడే తెగిపోయింది.

"పర్వాలేదు, మళ్ళీ తీద్దాం. పాత గొట్టం ఒకటి పట్రా," అన్నారాయన.

ఆమె తల దించుకుని జరిగింది చెప్పింది.

ఆయన మీటరు తీగలు విప్పేశారు. "పిల్ల అత్తారింట్లో కుదురుకుందో లేదో చూడకుండానే పుట్టింటిని కూలగొట్టేశావు కదమ్మా!"

అంతకు మించి కోప్పడలేదు. తిట్టినా బాగుండేదని ఆమెకు అనిపించింది.

ఆ సూక్ష్మజీవి ఇంకెక్కడా దొరకదని ఆయనే చెప్పారు. ఎన్నో ఏళ్ళ కిందట ఈ ల్యాబులో చదివిన ఒకమ్మాయి దాన్ని కాలువ బురదలోంచి పట్టిందట. దానికంటే ఆ అమ్మాయే మొండిదట. ఇప్పుడు ఆ కాలువ లేదు, దాని మీద రోడ్డు పడింది.

కాలువ బురద అనగానే ఆమెకు బ్యాటరీ లేకుండా వెలిగిన ఆ ఎర్ర లైటు కళ్ళ ముందు మెదిలింది.

వాచ్‌మన్‌ని బురద తాత ఇల్లెక్కడో అడిగి, వేసుకున్న తెల్లకోటుతోనే పరుగెత్తింది.

ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటావిడ బయటికొచ్చి, పెద్దాయన పోయి వారమైందని చెప్పింది.

"ఆయన దగ్గర ఇంకో సీసా ఏమైనా ఉందా అండీ? కొంచెం బురదైనా?"

"ఉన్నది అదొక్కటే. మీకే ఇచ్చానన్నాడుగా?" ఆవిడ తెల్లకోటు వైపు చూసింది. "భద్రంగా ఉందా?"

ఆమె చేతులు కోటు జేబుల్లో దాచుకుంది.

"కూతురు పోయినప్పట్నుంచీ ఆ పిల్ల పట్టుకొచ్చిన బురదనే బిడ్డలా సాకాడు," అంది ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ, "అది మళ్ళీ కూతురు పనిచేసిన చోటికే చేరిందని, నిశ్చింతగా కన్నుమూశాడమ్మా."