కొరివికారం

"రా నాన్నా, అమ్మని బాగా చూసుకుంటాలే," అన్నారు మావారు దత్తసాయి, పెరటిగోడ మీది కాకితో.

ఆవేళ మామగారి మొదటి తద్దినం. కాకి పిండం వంక చూసి, ముక్కు అటు తిప్పుకుంది. అది ముట్టందే ఎవరికీ భోజనాల్లేవు.

"ఏదో కోపం ఉండిపోయిందండీ," అన్నారు పురోహితుడుగారు. ఆయనకి అమలాపురంలో ఇంకో తద్దినం ఉంది.

అత్తగారి మొహం పాలిపోయింది.

నేను ఆవిడ చెవిలో గొణిగాను. "కొరివికారం లేందే ముద్ద ఎత్తని మనిషి. మిరియాలపొడి వంటకి వస్తారాండీ?"

"తప్పే! తద్దినంలో మిరపకాయ పనికిరాదు."

అయినా వంటింట్లోకి వెళ్లి కొరివికారం జాడీ మూత తీశాను. మామగారు పోయాక ఇంట్లో దాన్ని ముట్టినవాళ్లు లేరు. పండుమిరపకాయల ఎరుపు అడుగున మాత్రం మిగిలింది.

"ఎవరు తిన్నారండీ ఇదంతా?"

వెనకే వచ్చిన అత్తగారు మెల్లిగా అన్నారు. "ఆయనే. ఆఖరిరోజున ఒక్క ముద్ద కలపమన్నారు. డాక్టరు వద్దన్నాడని, రేపు పెడతానన్నాను. తెల్లారేసరికి లేరు. అప్పట్నించీ మీరు లేవకముందే రోజూ ఆ గోడ మీద కలిపి పెడుతున్నానే. ఇవాళ శాస్త్రమని చప్పిడి పెట్టేసరికి అలిగేరు."

నవ్వబోయి ఆగాను. ఆవిడ నవ్వడం లేదు.

జాడీ గీకి, ఉన్నదంతా ఆవిడ చేతిలో వేశాను. ఆవిడ పెరట్లోకి వెళ్లి దాన్ని పిండంలో కలుపుతుంటే, పురోహితుడుగారు మర్యాదగా కొబ్బరిచెట్ల కేసి చూశారు.

కాకి గబగబా తింటోంది. అత్తగారు దాని పక్కన నీళ్లు పెట్టారు.

"నెమ్మదండీ," అన్నారు, "పొలమారుతుంది."