పదిహేడో వార్డు ఆఖరి ఓటు

పదిహేడో వార్డులో ఏడు ఎన్నికలు జరిగితే ఏడింటా గుంపిన సన్యాసయ్యే కార్పొరేటరు. ఊరికే అన్నాలెండి, గెలిచింది రెండుసార్లు. అందులో ఒకసారి ఎదుటివాడు నామినేషను వేయడం మరిచిపోయాడు.

ఎనిమిదోసారికి పోలింగు బూతులే లేవు. ఏడాదంతా మనిషి నడవడి చూసి, వాడి తరఫున ఓటేసే పెట్టె ఇంటింటా గోడకుంది. ఈసారి అడిగింది ఒక్కటే: పదిహేడో వార్డు ఉండాలా, పక్క పద్దెనిమిదిలో కలిసిపోవాలా? "ఉండాల్సిందే బాబూ" అని ప్రతి గడపా సన్యాసయ్య చేతిలో చెయ్యేసి చెప్పింది.

తీరా చూస్తే, ఉండాలన్న ఓటు ఒక్కటీ పడలేదు.

సన్యాసయ్య తన వంటింటి పెట్టె మీద విరుచుకుపడ్డాడు. "నా కరెంటు తాగి నా వార్డుకే ఎసరు పెట్టావా?"

"రోజూ బిందె పట్టుకుని పద్దెనిమిదో వార్డు కుళాయికే వెళ్తారు కదండీ," అంది పెట్టె. "మీ నోటి మాట పక్కనపెట్టి, కాళ్లు చెప్పింది విన్నాను."

"మన కుళాయి బురద సంగతి ఆఖరికి గోడకీ తెలిసింది, కార్పొరేటరు గారూ," అంది భార్య పైడితల్లి.

సన్యాసయ్య పకపకా నవ్వేశాడు.

ఇందులో నేను కల్పించింది ఆ నవ్వొక్కటే.