చుక్కి కాలి కట్టు

అడవి అంచున పాడుబడ్డ ఇటుకబట్టీలో గాడిద తాత దిక్కులేని జీవాలను చేరదీసి సాకేవాడు. మందలోంచి తప్పిపోయి కాలు విరిగిన మేకపిల్ల చుక్కి, ఒక గుడ్డి గేదె, గజ్జి పట్టిన కుక్క అక్కడే ఉండేవి. పొద్దున్నే కోతులు పచ్చగడ్డి, ఉడతలు పండ్లు మోసుకొచ్చేవి. గేదె వంకా, కుక్క వంకా ఎవరూ చూసేవారు కాదు. అందరి కళ్లూ చుక్కి మీదే. "అయ్యో, పసిది!" అని కళ్లొత్తుకుని, మర్నాడు ఇంకాస్త ఎక్కువే తెచ్చేవి.

కట్టు విప్పిన రోజున చుక్కి బట్టీ చుట్టూ చెంగుచెంగున గంతులేసింది. కోతులూ ఉడతలూ మురిసిపోయాయి. "హమ్మయ్య, నయమైపోయింది. ఇక మనతో పనేముంది?" అనుకుంటూ వెళ్లిపోయాయి.

మూడు రోజులు ఎవరూ రాలేదు. గుడ్డి గేదె ఖాళీ తొట్టిని నాకుతూనే ఉంది. ఆ చప్పుడు చుక్కి భరించలేకపోయింది.

"తాతా, ఆ కట్టు మళ్లీ కట్టవా?"

గాడిద తాత దాని మొహంలోకి చూడలేదు. పళ్లతో కట్టు బిగించాడు. చుక్కి దారి దాకా కుంటుకుంటూ వెళ్లి నిలబడింది. మేత మళ్లీ వచ్చింది.

కట్టు విప్పకుండానే రెండు వానాకాలాలు గడిచాయి. ఒక సాయంత్రం అటుగా పోతున్న మేకల మందలోంచి తల్లి గొంతు వినిపించింది. "చుక్కీ, నువ్వేనా? రావే!"

చుక్కి కట్టు పీకేసి పరుగెత్తబోయింది. ముడుచుకున్న కాలు సాగలేదు. మంద ఆగలేదు, తల్లిని కూడా తోసుకుంటూ పోయింది.

దుమ్ములో కూలబడి ఏడుస్తున్న చుక్కిని కోతులు చూశాయి. మర్నాడు మేత రెండింతలు వచ్చింది.

గుడ్డి గేదె కడుపునిండా తిని, "ఎవరో పుణ్యాత్ములు, చల్లగా ఉండాలి" అంది.