ఎన్నాళ్లు పడుతుంది?

"స్పానిష్ రావడానికి ఎన్నాళ్లు పడుతుంది మేడం?" డెమో క్లాసులో ముందు వరస అమ్మాయి అడిగింది.

కాకినాడ నుంచి వచ్చి అమీర్‌పేటలో పాఠాలు చెప్పుకుంటున్న మంజూషకు పొద్దుటినుంచి ఇది నాలుగో బ్యాచ్. గొంతు పోయింది. వెనక బెంచీలో ఉన్న పాత స్టూడెంట్ తుకారాం వైపు చేయి చూపించింది.

అతను లేచాడు. "నాకు ఎనిమిది నెలలు పట్టిందండి. ఇప్పుడు పంజాగుట్టలో మెక్సికో వాళ్ల కాల్స్ చూస్తున్నాను," అన్నాడు, ఒక్కో మాటా చూసుకుంటూ. తర్వాత స్పానిష్‌లో గడగడా మాట్లాడేసరికి అందరూ చప్పట్లు కొట్టారు.

గది ఖాళీ అయ్యాక అతని ఫోన్ మోగింది.

"అమ్మా, తిన్నవా? నేను డ్యూటీకి పోతున్న. నువ్వు జర పైలం."

మంజూష బోర్డు తుడవడం ఆపింది. "ఏంటి తుకారాం, ఇందాక ఇలా మాట్లాడలేదే?"

"ఆఫీసుల ఇట్ల మాట్లాడితే నవ్విన్రు మేడం. టీం లీడర్ సుత నవ్విండు. అందుకే మీ లెక్క మాట్లాడుడు నేర్చుకుంటున్న."

"మరి స్పానిష్‌లో తప్పు మాట్లాడితే?"

"మెక్సికో వాళ్లు ఒక్కనాడు నవ్వలే."

కింద రోడ్డు మీద హారన్లు ఆగడం లేదు. ఆమె డస్టర్ బల్లమీద పెట్టి కూర్చుంది.

"మా తెలుగు ఎన్నాళ్లనుంచి నేర్చుకుంటున్నావు?"

తుకారాం బ్యాగు భుజానికి తగిలించుకున్నాడు.

"నాలుగేండ్లాయె మేడం. ఇంకా రాలే."