కలుపు లేని తోట

"నా అనుమతి దొరకదు," అన్నాడు రాదిమ్, తలుపు పూర్తిగా తెరవకముందే.

గుమ్మం బయట నిలబడ్డ అమ్మాయి పేరు కమీలా. చెక్ దేశంలోని బ్ర్నో నగరంలోనే, ట్రాములో నాలుగు వీధులు దాటితే వచ్చే కంప్యూటర్ ఆటల కంపెనీలో పనిచేస్తుంది. లాప్‌టాప్ సంచి భుజం మీద సర్దుకుంటూ, "నేను వచ్చింది..." అని మొదలుపెట్టింది.

"ఎందుకు వచ్చారో తెలుసు. లోపలికి రండి. నా మాట వినే వెళ్దురుగాని."

ఆమె బూట్లు విప్పి, అతిథుల కోసం ఉంచిన జోళ్లు తొడుక్కుని వంటింట్లోకి నడిచింది. పొయ్యి దగ్గర రాదిమ్ తల్లి బొజేనా ప్లమ్ పండ్లు పొదిగిన పిండి ఉండలను మరుగుతున్న నీళ్లలో వేస్తోంది. తలూపి కుర్చీ చూపించింది. ముందు కాఫీ కప్పు పెట్టింది.

కమీలా వాళ్ల కంపెనీ చేసిన తోటపని ఆట దేశమంతా ఆడుతోంది. అలాంటి ఆటలకు ఆడేవాళ్లే సొంతంగా రాసి చేర్చుకునే మార్పులను మాడ్‌లంటారు. వాటిని పెట్టాలన్నా తీయాలన్నా ఫైళ్ల మధ్య తడుముకోవాలి. తప్పు చోట వేలు పెడితే అంతవరకూ ఆడి దాచుకున్నదంతా పోతుంది. ఆ పని తేలికయ్యేలా ఆటలోనే ఒక మెనూ పెట్టాలని కంపెనీ అనుకుంటోంది. వద్దని అందరికంటే గట్టిగా అరుస్తున్నవాడు రాదిమ్. ఆ ఆటకు అతను రాసినన్ని మాడ్‌లు ఇంకెవరూ రాయలేదు. అతను కాదంటే కాదనేవాళ్లు ఇంటర్నెట్‌లో వేలల్లో ఉన్నారు.

"మేం చెమటోడ్చి దారి వేసుకున్నాం," అన్నాడు రాదిమ్. "ఇప్పుడు మీరొచ్చి ఆ దారికి గేటు కడతామంటున్నారు. రేపు ఏ మాడ్ ఉండాలో, ఏది పోవాలో మీరే చెబుతారు. తాళం మీ జేబులో ఉంటుంది."

తాళం తమ దగ్గర ఉండదని, ఆడేవాళ్ల చేతిలోనే ఉంటుందని కమీలా చెప్పింది. ఆట చెడిపోయిందని తమకు వచ్చే ఫిర్యాదుల్లో సగం మాడ్‌లు సరిగ్గా తీయడం రాక వచ్చేవేనని కూడా చెప్పింది.

"రాకపోతే నేర్చుకోవాలి. ఎలా చేయాలో వివరంగా రాసి పెట్టాను. అది కూడా చదవలేనివాళ్లు ఆడటం దేనికి?"

"అందరిళ్లలో మీలాంటి కొడుకు ఉండడు కదండీ."

ఆ మాటకు రాదిమ్ కాస్త మెత్తబడ్డాడు. ఆ మెనూ ఏదో చూపించమన్నాడు, తప్పులు ఇక్కడికిక్కడే పట్టి చూపిస్తానన్నాడు. తన కంప్యూటర్ మీద కాదు, కిటికీ పక్కనున్న తల్లి కంప్యూటర్ మీద చూపించమన్నాడు. అందులో ఆటనంతా తన చేతులతో సిద్ధం చేసి పెట్టాడు మరి.

కమీలా మెనూ ఎక్కించింది. తెర మీద వరసగా మాడ్‌ల పేర్లు వచ్చాయి. అన్నీ రాదిమ్ రాసినవే. అతను కుర్చీ లాక్కుని కూర్చుని ఒక్కొక్కటే వేలు పెట్టి చూపించాడు. ఇది ఉంటే వాన పడదు. ఇది ఉంటే కోళ్లు కంచె దాటవు. ఇది ఉంటే పొరుగింటి ముసలామె వచ్చి కబుర్లతో పొద్దు పోగొట్టదు. ఇక ఇది, కలుపు మొలవనివ్వదు. లక్షమంది వాడుతున్నారు.

"మా అమ్మ వేలు కదపక్కర్లేదు," అన్నాడు. "తోట దానంతటదే పూస్తుంది."

బొజేనా పొయ్యి ఆపింది. చేతులు తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని వచ్చింది.

"లేవరా."

అతను లేచాడు. ఆమె కూర్చుని మౌస్ పట్టుకుంది.

"తీసేయాలంటే ఏది నొక్కాలమ్మాయ్?"

కమీలా చూపించింది. బొజేనా నొక్కింది. తెర మీద పొరుగింటి ముసలామె వచ్చి కంచెకు చేతులానించి నిలబడింది. ఇంకోటి నొక్కింది. మబ్బు పట్టి చినుకులు మొదలయ్యాయి. కోళ్లు రోడ్డెక్కాయి.

"అమ్మా, అది మాత్రం తీయకు. తోటంతా కలుపైపోతుంది."

"తెలుసు."

"పొద్దస్తమానం పీకుతూ కూర్చోవాలి."

"మరి తోటలో ఏం చేస్తారురా? నిలబడి ఫొటోలు తీసుకుంటారా?"

నొక్కేసింది. క్యాబేజీ మడుల మధ్య పచ్చగా, ఇష్టారాజ్యంగా కలుపు లేచింది. బొజేనా ముందుకు వంగి మొదటి మొక్కను వేరుతో సహా పీకింది.

"ఇష్టం లేదని నాతో ఒక్క మాట అనొచ్చు కదా," అన్నాడు రాదిమ్.

"అన్నాను. అలవాటైపోతుందిలే అన్నావు."

జాబితా మొత్తం ఖాళీ అయింది. రాదిమ్ చెవులు ఎర్రబడ్డాయి. తల్లిని ఏమీ అనలేక కమీలా మీదికి తిరిగాడు.

"చూశారా? ఇందుకే వద్దన్నాను. ఇన్నేళ్ల నా కష్టం కాఫీ చల్లారేలోపు పోయింది. ఇంత బాగా నడుస్తున్నదానికి ఈ మెనూ కావాలని మిమ్మల్ని అడిగిన దద్దమ్మ ఎవరు?"

కమీలా తన కాఫీ కప్పు అందుకుంది. అందులోకి తొంగిచూసింది.

"నేనేరా," అంది బొజేనా, తెర మీంచి చూపు తిప్పకుండా. "ఫోన్ చేసి చేసి ఆ అమ్మాయిని ఇంటికి రప్పించింది కూడా నేనే."